తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్: ప్రాణాపాయం ఎంతుందో ఇంట్లోవాళ్లు ఎలా అంచనా వేసుకోవాలి

"కొంచెం సీరియస్‌గానే ఉంది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లింది" అని డాక్టరు చెప్పి వెళ్లాక, బయట నిలబడ్డవాళ్ల మనసులో తిరిగేది ఒకటే ప్రశ్న. సీరియస్ అంటే ఎంత సీరియస్? చాలామంది ఈ ప్రశ్నకి జవాబు థర్మామీటర్‌లో వెతుకుతారు. 103 ఉంటే కంగారు పడతారు, 99కి దిగితే హమ్మయ్య అనుకుంటారు. ఈ విషయంలో థర్మామీటర్‌ని నమ్ముకుంటే మోసపోతాం.

ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెచ్చేది జ్వరంతో కాదు. బ్యాక్టీరియాతో పోరాడే క్రమంలో శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకుంటుంది. దీన్నే సెప్సిస్ అంటారు. 2017 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందని, దానితో ముడిపడి 1 కోటి 10 లక్షల మంది చనిపోయారని అంచనా. ఇన్ఫెక్షన్ ఎలాంటి ఒంటికి వచ్చింది, ఎక్కడ మొదలైంది, ఎన్ని అవయవాలు తడబడుతున్నాయి అన్నవాటి మీద అపాయం ఆధారపడి ఉంటుంది. వీటిని మనం మార్చలేం. సరైన వైద్యం ఎంత త్వరగా మొదలైంది అన్నది కూడా అంతే ముఖ్యం, అది మాత్రం చాలావరకు ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. కింద రాసినవన్నీ ఆ సమయాన్ని కాపాడుకోవడానికే. రోగనిర్ధారణ డాక్టరు పని, అది మీరు చేయాల్సిన అవసరం లేదు.

1. ముందు ఒక కాగితం మీద ఒంటి చరిత్ర రాయండి

ఎమర్జెన్సీలో అడిగినప్పుడు టెన్షన్‌లో సగం గుర్తుకు రావు. జ్వరం, నీరసం మొదలైన రోజే రాసి పెట్టుకోండి.

వయసు 65 దాటిందా? షుగర్ ఉందా? లివర్ గట్టిపడే జబ్బు ఉందా, కిడ్నీలు దెబ్బతిన్నాయా, డయాలసిస్ జరుగుతోందా? క్యాన్సర్‌కి కీమో నడుస్తోందా? మద్యం అలవాటు ఎంత? ఈమధ్య బాగా చిక్కిపోయారా? ఇవన్నీ మరణం అవకాశాన్ని పెంచేవే. వీటిలో లివర్ జబ్బునీ కీమోనీ ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. లివర్ పాడైతే రక్తంలోకి చేరిన బ్యాక్టీరియాని వడకట్టే శక్తి తగ్గుతుంది. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయి ఉన్న రోజుల్లో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా అది అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి బయల్దేరాల్సిన విషయమే. పొద్దున చూద్దాం అనుకోకూడదు.

చాలామంది చెప్పడం మరిచిపోయేది ప్లీహం (స్ప్లీన్) సంగతి. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ప్లీహం తీసేసి ఉంటారు, మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, అందరూ ఆ మాటే మరిచిపోతారు. న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియాని రక్తం నుంచి తొలగించడంలో ప్లీహానిది పెద్ద పాత్ర. అది లేనివాళ్లకి మామూలు జ్వరంలా మొదలైన ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణాంతకం కావచ్చు. ఆ ముక్క కాగితంలో అన్నింటికన్నా పైన రాయండి.

మందుల పేర్లూ కావాలి. స్టెరాయిడ్లు, కీళ్లవాతానికో అవయవ మార్పిడి తర్వాతో వాడే ఇమ్యూనిటీ తగ్గించే మందులు జ్వరాన్ని, వాపుని కప్పిపెడతాయి. బీపీకి, గుండెకి వాడే బీటా బ్లాకర్లు పల్స్ పెరగనివ్వవు, కాబట్టి పల్స్ 80 ఉన్నా ధైర్యం తెచ్చుకోవడానికి లేదు.

ఒంట్లో ఏమైనా అమర్చి ఉన్నాయేమో చూడండి: మూత్రం గొట్టం, డయాలసిస్ లైను, పేస్‌మేకర్, కృత్రిమ కవాటం, మార్చిన మోకాలి కీలు. గత మూడు నెలల్లో ఏ యాంటీబయోటిక్స్ వాడారు, ఆస్పత్రిలో ఎన్ని రోజులున్నారు అన్నది కూడా రాయండి. మందులకి లొంగని బ్యాక్టీరియా ఉండే అవకాశాన్ని డాక్టర్లు ఈ వివరాల నుంచే ఊహిస్తారు. పాత కల్చర్ రిపోర్టులు (రక్తం, మూత్రం లాంటివాటిలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి గుర్తించినవి) ఉంటే అవి బంగారంతో సమానం.

ఎలర్జీ విషయంలో ఒక మాట. "పెన్సిలిన్ పడదు" అని ఊరికే రాయకండి. ఎప్పుడు వాడారు, అప్పుడు ఏమైంది? ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడలేదా, లేక కడుపులో తిప్పిందా? పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లలో ఎక్కువమందికి పరీక్షిస్తే అసలు ఎలర్జీయే ఉండదు. ఆ ఒక్క మాట మూలంగా బాగా పనిచేసే మందు పక్కకి పోయి, అంత బలం లేని మందుతో వైద్యం మొదలవుతుంది.

2. ఊపిరి లెక్కపెట్టండి, తర్వాత మనిషిని చూడండి

ఒంట్లో జరుగుతున్నదాన్ని అన్నింటికన్నా ముందు బయటపెట్టేది శ్వాస. అయినా ఇంట్లో దాన్ని లెక్కపెట్టేవాళ్లు అరుదు. లెక్కపెడుతున్నామని చెప్పకండి, తెలిస్తే శ్వాస మారిపోతుంది. చేతి నాడి చూస్తున్నట్టు కూర్చుని ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉంటుంది. 22 దాటితే జాగ్రత్త పడాలి. 30కి వస్తే ఇంట్లో ఉండే పరిస్థితి కాదు.

తర్వాత మాట్లాడించండి. ఈరోజు ఏ వారం, ఎక్కడున్నాం అని అడగండి. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఈరోజు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పిలిస్తే తప్ప కళ్లు తెరవకపోయినా అది మెదడుకి చేరుతున్న రక్తం, ఆక్సిజన్ తగ్గడం వల్ల కావచ్చు. పెద్దవాళ్లలో దీన్ని "వయసు మీద పడింది, జ్వరంలో ఏదో అంటున్నారు" అని కొట్టిపారేస్తుంటారు. నా దృష్టిలో ఇళ్లలో జరిగే అతి ఖరీదైన పొరపాటు ఇదే. 80 ఏళ్ల మనిషికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరమే రాకపోవచ్చు. ఉన్నట్టుండి మంచం దిగలేకపోవడం, తినడం మానేయడం, కింద పడిపోవడం, కొత్తగా అయోమయం ఇవే మొదటి గుర్తులు కావచ్చు.

బీపీ మిషన్ ఉంటే చూడండి. పై అంకె 100కి దిగిందంటే ప్రమాదం దగ్గరలో ఉన్నట్టు. ఎప్పుడూ 160 ఉండే మనిషికి 110 కూడా తక్కువే, ఆ తేడా చెప్పాల్సింది మీరే.

చేతులు, మోకాళ్లు పట్టుకు చూడండి. చల్లగా, చెమటగా ఉన్నాయా? మోకాళ్ల చుట్టూ వల అల్లినట్టు ఊదారంగు మచ్చలు కనిపిస్తున్నాయా? వేలి కొసని కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి వదిలేయండి. తెల్లబడిన చోటుకి మళ్లీ రంగు రావడానికి 3 సెకన్ల కంటే ఎక్కువ పడితే రక్తప్రసరణ సరిగా లేదని అర్థం. ఈ చిన్న పరీక్షని ఐసీయూల్లో కూడా వాడతారు.

మూత్రం సంగతి అడగండి. 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. సగం రోజు గడిచినా చుక్క రాలేదంటే కిడ్నీలకి రక్తం చాలడం లేదేమో అని అనుమానించాలి.

ఇక టెంపరేచర్. 101 కంటే 95 ఎక్కువ భయపెట్టాలి. సెప్సిస్‌లో ఒళ్లు చల్లబడినవాళ్లలో మరణాలు జ్వరం ఉన్నవాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తాయి. పారాసిటమాల్ వేశాక జ్వరం దిగడం ఆ మాత్ర పనిచేసిందని చెబుతుంది గానీ, ఇన్ఫెక్షన్ తగ్గిందని చెప్పదు. అందుకే మాత్ర వేసిన రెండు గంటల తర్వాత టెంపరేచర్ చూసి మురిసిపోయే బదులు మళ్లీ ఊపిరి లెక్కపెట్టండి.

3. పసిపిల్లలైతే ఈ లెక్కలు పక్కన పెట్టండి

రెండు నెలల లోపు బిడ్డకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రమాద గుర్తులు వేరు: పాలు సరిగా తాగకపోవడం, ఫిట్స్, ఊపిరి తీసినప్పుడు ఛాతీ కింది భాగం బాగా లోపలికి పోవడం, 100.4 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, 95.9 కంటే తక్కువ టెంపరేచర్, కదిలిస్తే తప్ప కదలకపోవడం లేదా అసలు కదలకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాసలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు, రెండోదాని కోసం ఎదురుచూడకూడదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి అపాయం ఇంకా ఎక్కువ.

ఏ వయసువాళ్లకైనా జ్వరంతో పాటు ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలు వస్తే గాజు గ్లాసుని వాటి మీద అదిమి చూడండి. మచ్చ మాయం కాకపోతే అది మెదడు పొరలకీ రక్తానికీ సోకే మెనింజోకాకస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. గంటలు కూడా ఆగే జబ్బు కాదది. మచ్చ మాయమైనా మనిషి తేడాగా ఉంటే గ్లాసు పరీక్షని నమ్మి ఆగిపోవద్దు.

4. ఇన్ఫెక్షన్ ఎక్కడ మొదలైందో ఆలోచించండి

ఒకే బ్యాక్టీరియా అయినా చోటుని బట్టి కథ మారుతుంది. మూత్రనాళంలో మొదలైనవి మొత్తం మీద కాస్త మేలు. ఊపిరితిత్తుల్లో, పొట్టలో మొదలైనవాటిలో మరణాలు ఎక్కువ. ఎక్కడ మొదలైందో చివరిదాకా దొరకకపోవడం కూడా చెడ్డ గుర్తే.

న్యుమోనియాకి డాక్టర్లు కర్బ్-65 అనే తేలికైన లెక్క వాడతారు. కొత్తగా వచ్చిన అయోమయం, రక్తంలో యూరియా లీటరుకి 7 మిల్లీమోల్స్ దాటడం, శ్వాస 30 లేదా ఎక్కువ, బీపీ పై అంకె 90 కంటే తక్కువ లేదా కింది అంకె 60 లేదా తక్కువ, వయసు 65 లేదా ఎక్కువ. ఒక్కోదానికి ఒక్కో పాయింటు. 0 లేదా 1 వస్తే మరణం అవకాశం 3 శాతం లోపు. 3 లేదా అంతకు మించితే 15 శాతం, ఆపైన. ఇందులోనూ జ్వరానికి పాయింటు లేదు, గమనించండి.

చీము గూడు కట్టినా, దారి మూసుకుపోయినా యాంటీబయోటిక్ ఒక్కటే చాలదు. గడ్డ లోపలికి మందు సరిగా చేరదు. కిడ్నీలో రాయి అడ్డుపడి వెనక మూత్రం చీముపట్టినా, పిత్తనాళం మూసుకుపోయినా, పేగుకి చిల్లు పడినా, డయాలసిస్ లైనుకే ఇన్ఫెక్షన్ అంటుకున్నా ఆ మూలాన్ని తీసేయాలి, కోయాలి, లేదా గొట్టం వేసి బయటికి పారించాలి. "ముందు కాస్త కోలుకోనివ్వండి, తర్వాత ఆపరేషన్ చేద్దాం" అని ఇంట్లోవాళ్లు బతిమాలడం చాలాచోట్ల జరుగుతుంది. ఇలాంటి కేసుల్లో ఆ మూలం తీసేదాకా కోలుకోవడం ఉండదు. డాక్టరు ఈరోజే చేయాలంటే ఎందుకని అడగండి, తప్పులేదు. వాయిదా మాత్రం అడగకండి.

చర్మం కింద కండరాల మీద ఉండే పొరని కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్ ఒకటుంది. పైకి కాస్త ఎర్రగా కనిపిస్తుంది, నొప్పి మాత్రం భరించలేనంతగా ఉంటుంది. కనిపించేదానికీ నొప్పికీ పొంతన లేకపోవడమే దాని గుర్తు. ఎరుపు అంచుల వెంట పెన్నుతో గీత గీయండి. గంటల వ్యవధిలో గీత దాటితే ఇక కూర్చునే పని లేదు, దానికి వైద్యం ఆపరేషన్ థియేటర్లోనే. అయితే నొప్పి అంత విపరీతంగా ఉన్నప్పుడు గీత దాటుతుందేమో అని చూస్తూ కూర్చోకూడదు కూడా.

కాన్పు తర్వాత, గర్భస్రావం తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, కడుపునొప్పి, దుర్వాసన ఉన్న స్రావం కనిపిస్తే దాన్ని బాలింత నీరసంగా చూడకండి.

5. ఆస్పత్రిలో మొదటి నిమిషంలో ఏం చెప్పాలి

"జ్వరం, నీరసం" అని చెబితే వరుసలో కూర్చోబెడతారు. ఇలా చెప్పండి: "నిన్న రాత్రి నుంచి మూత్రం రాలేదు, పొద్దున్నుంచి మాట తేడాగా ఉంది, శ్వాస 28 ఉంది, కీమో నడుస్తోంది. సెప్సిస్ అయ్యుంటుందా?" ఆఖరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. డాక్టరుకి పాఠం చెప్పినట్టు అవుతుందని చాలామంది జంకుతారు. మంచి డాక్టర్లు ఆ ప్రశ్నకి విసుక్కోరు.

2021 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం సెప్సిస్ వల్ల షాక్ (బీపీ పడిపోయి రక్తప్రసరణ కుప్పకూలడం) వచ్చిందని అనుమానం ఉన్నా, సెప్సిస్ అని దాదాపు ఖాయమైనా గంటలోపు యాంటీబయోటిక్ పడాలి. షాక్ లేక, సెప్సిస్ అవునో కాదో తేలని స్థితిలో త్వరగా పరీక్షలు చేసి, అనుమానం తీరకపోతే 3 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఈ తొందరకి కారణం ఉంది. సెప్టిక్ షాక్ రోగుల మీద 2006లో వచ్చిన ఒక పరిశీలనలో, బీపీ పడిపోయాక సరిపడే యాంటీబయోటిక్ ఒక్కో గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. తర్వాతి పరిశీలనల్లో అంత తేడా కనిపించకపోవచ్చు గానీ, షాక్‌లో ఆలస్యం చేస్తే పర్లేదని ఎవరూ తేల్చలేదు.

మొదటి డోసుకి ముందే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీస్తే మంచిది. వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు సెట్లు తీస్తారు. "ఇంత రక్తం ఎందుకు తీస్తున్నారు" అని గొడవపడకండి, రక్తం తక్కువైతే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ మాత్ర ఒకటి వేసి తీసుకెళ్తే ఈ కల్చర్ దెబ్బతింటుంది. వేసేసి ఉంటే దాచకుండా చెప్పండి.

6. రిపోర్టులో ఏ అంకె చూడాలి

ఇంట్లోవాళ్లు ముందుగా చూసేది తెల్లకణాల కౌంట్, సీఆర్పీ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష). అవి ఇన్ఫెక్షన్ ఉందని చెప్పేవే. ప్రాణాపాయం ఎంతో చెప్పడానికి వేరే అంకెలున్నాయి. పైగా తెల్లకణాలు బాగా తగ్గిపోవడం, పెరగడం కంటే చెడ్డ సంకేతం కావచ్చు.

లాక్టేట్ అడగండి, కణజాలానికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం అది. లీటరుకి 2 మిల్లీమోల్స్ దాటితే కణజాలం ఇబ్బందిలో ఉందని, 4 దాటితే పరిస్థితి తీవ్రంగా ఉందని అర్థం. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాముల్లో రాస్తాయి, అక్కడ 18 అంటే ఇక్కడ 2. మొదటి అంకె కంటే కొన్ని గంటల తర్వాత తీసిన రెండో అంకె ఎక్కువ చెబుతుంది. దిగుతుంటే ఆశ ఉంది. వైద్యం జరుగుతున్నా పెరుగుతుంటే మనసు సిద్ధం చేసుకోవాల్సి రావచ్చు.

అవయవాల సంగతి చూడ్డానికి సోఫా స్కోర్ వాడతారు. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే తీరు, లివర్, రక్తప్రసరణ, మెదడు, కిడ్నీలు, ఈ ఆరింటికి ఒక్కోదానికి 0 నుంచి 4 పాయింట్లు, మొత్తం 24. ఉదాహరణకి కిడ్నీల పనిని చూపే క్రియాటినిన్ 2కి చేరినా, లివర్ పనిని చూపే బిలిరుబిన్ 2కి చేరినా, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా ఒక్కోదానికి 2 పాయింట్లు పడతాయి. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి మామూలు స్థాయి మీద 2 పాయింట్లు పెరిగితే ఆస్పత్రిలో మరణం అవకాశం సుమారు 10 శాతం. సరిపడా సెలైన్ ఎక్కించాక కూడా బీపీ నిలబడటానికి మందులు కావాల్సి వచ్చి, లాక్టేట్ 2 మీదే ఉంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటారు. అప్పుడు మరణాలు 40 శాతం దాటుతాయి. 2016లో సెప్సిస్‌ని కొత్తగా నిర్వచించినప్పుడు పెట్టిన కొలతలివి.

ఈ శాతాలు వేలమంది రోగుల లెక్కల నుంచి వచ్చినవి, మీ మనిషి గురించి జోస్యం కాదు. నేనైతే శాతం అడగను. "నిన్నటికి, ఈరోజుకి ఎన్ని అవయవాలకి సాయం కావాల్సి వస్తోంది?" అని అడుగుతాను. బీపీ మందు డోసు, ఆక్సిజన్ ఎంత పెట్టారు, మూత్రం ఎంత వచ్చింది, స్పృహ ఎలా ఉంది. ఈ నాలుగు రోజూ ఒకే సమయానికి, ఒకే కాగితం మీద రాసుకోండి. అడిగే మనిషి కూడా ఒక్కరే ఉంటే మేలు. పదిమంది బంధువులు పదిసార్లు అడిగితే పది రకాల జవాబులు ఇంటికొస్తాయి.

7. రెండో రోజు, మూడో రోజు

కల్చర్ రిపోర్టు సాధారణంగా ఈ సమయానికే వస్తుంది. మొదట ఇచ్చే మందు ఊహ మీద ఇచ్చేది. ఆ ఊహ తప్పి, మందు ఆ బ్యాక్టీరియాకి పనిచేయకపోతే మరణం అవకాశం పెరుగుతుంది. కాబట్టి అడగాల్సింది ఇది: "పెరిగిన బ్యాక్టీరియా ఏది, ఇప్పుడిస్తున్న మందుకి లొంగుతుందా?" క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటివి కార్బపెనెమ్ అనే బలమైన మందులకి కూడా లొంగడం లేదని రాస్తే అపాయం పెద్దదే. 2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మందు మార్చి తక్కువ రకానికి దించితే మాత్రం కంగారు పడకండి, అది చౌక మందుకి మార్చడం కాదు, గురి కుదిరిందని.

రిపోర్టులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అని ఉంటే విడిగా శ్రద్ధ పెట్టాలి. రక్తంలోకి చేరాక అది గుండె కవాటాలు, వెన్నుపూసలు, కీళ్లలో గూడు కట్టుకోవచ్చు. మళ్లీ కల్చర్ పంపారా, ఎకో (గుండె స్కాన్) చేశారా అని అడగండి. సరైన మందు పడుతున్నా రెండు మూడు రోజుల తర్వాత కూడా రక్తంలో దొరుకుతుంటే ఎక్కడో మూలం మిగిలి ఉందని వెతకాలి. ఇన్ఫెక్షన్ల స్పెషలిస్టు చూసిన రోగుల్లో మరణాలు తక్కువగా ఉన్నట్టు చాలా పరిశీలనలు చూపించాయి. ఆస్పత్రిలో ఉంటే పిలవమని అడగండి, లేకపోతే ఫోన్లోనైనా సలహా తీసుకుంటారేమో కనుక్కోండి.

8. ఇంటికొచ్చాక

డిశ్చార్జ్ కాగితంలో యాంటీబయోటిక్ ఆఖరి డోసు తేదీ స్పష్టంగా రాయించుకోండి. బీపీ, షుగర్, కిడ్నీ మందుల్లో ఏవి ఆపారు, ఏవి ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నదీ అడగండి. ఆస్పత్రిలో ఆపినవి ఇంట్లో అలాగే ఆగిపోవడం, లేదా అడక్కుండా అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం, రెండూ జరుగుతుంటాయి.

సెప్సిస్ నుంచి బయటపడినవాళ్లు మొదటి మూడు నెలల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరడం తరచుగా కనిపిస్తుంది, అందులో పెద్ద కారణం మరో ఇన్ఫెక్షనే. మతిమరుపు, పీడకలలు, మెట్లెక్కలేని నీరసం నెలల తరబడి ఉండొచ్చు, దాన్ని బద్ధకం అనకండి. ప్లీహం లేనివాళ్లకి, పెద్దవాళ్లకి న్యుమోకాకస్ టీకా ఎప్పుడు వేయించాలో మొదటి చెకప్‌లోనే అడిగేయండి. మొదట రాసిన కాగితాన్ని పారేయకండి. దానికి ఈసారి దొరికిన బ్యాక్టీరియా పేరు, పనిచేసిన మందు పేరు, తేదీ కలిపి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.